నేతగాడి చేతికి తోలు రంగు

1985 ఏప్రిల్, కదిరి. ఊరి బయట రేకుల షెడ్డులో నడిచే తోలు వస్తువుల శిక్షణ కేంద్రం. ఆ సోమవారం ఉదయం షెడ్డులో ఉన్నవాళ్ళు: ఇన్‌స్ట్రక్టరుగా నేను, వయసు ఇరవై నాలుగు, మద్రాసులో లెదర్ టెక్నాలజీ డిప్లొమా ముగించి ఏడాది కూడా నిండనివాణ్ణి, క్రాఫ్ట్స్‌మన్ ఓబులేసు, వయసు అరవై దాటినవాడు, తాతల నాటి నుంచి చెప్పులు కుట్టే ఇంటివాడు, శిక్షణకు వచ్చిన ఎనిమిది మంది. ఉన్నవి: కుట్టుమిషన్లు రెండు, కోత బల్ల ఒకటి, రంగు డబ్బాలు నాలుగు, రబ్బరు గ్లవ్స్ పెట్టె ఒకటి, నీళ్ళ డ్రమ్ము ఒకటి. డ్రమ్ములో నీళ్ళు సగానికి తక్కువ.

డ్రమ్ము సంగతి ముందు చెప్పాలి. ఆ ఏడు మా బోరు జనవరిలోనే ఎండిపోయింది. రెండు రోజులకొకసారి ట్యాంకరు వచ్చి డ్రమ్ము నింపి పోయేది. తాగడానికి, తోలు తడపడానికి, కడుక్కోవడానికి అదే. అందుకని నేనొక కాగితం రాసి గోడకు అంటించాను. అందులో మూడో నిబంధన: రంగు పని మొత్తం అయిపోయిన తర్వాత, సాయంత్రం ఒక్కసారి మాత్రమే చేతులు కడుక్కోవాలి, మనిషికి రెండు చెంబులు. నీళ్ళు మిగిలాయి కాబట్టి మంచి నిబంధనే అనుకున్నాను. పొద్దున అంటిన రంగు సాయంత్రం దాకా చేతిమీద ఆరుతూ ఉంటే ఏమవుతుందో అందులో రాయలేదు.

గ్లవ్స్ సంగతీ అంతే. పెట్టె వచ్చిన మాట నిజం. ఏప్రిల్ ఎండకు రేకుల కింద ఆ రబ్బరు కరిగి జత జతా ఒకదానికొకటి అతుక్కుపోయింది. విడిపోయిన నాలుగైదు జతలు కూడా ఎవరూ తొడుక్కునేవాళ్ళు కాదు. నేను పట్టుబట్టనూ లేదు.

మేము వాడే ముఖ్యమైన రంగు నిగ్రోసిన్. అది నల్లటి పొడి. స్పిరిట్‌లో కలిపి గుడ్డ ముక్కతో తోలు మీద రుద్దితే లోపలికి ఇంకి ఆరిపోతుంది. దాని కింద మొదటి పూతగా ముదురు గోధుమ రంగు వేస్తాం. చెప్పు అట్టలకు, పట్టీల అంచులకు ఈ రెండూ కావాలి. చారలు పడకుండా సమంగా పూయడం అందరికీ రాదు. ఎనిమిది మందిలో అది బాగా వచ్చినవాడు ఆదినారాయణ. అందుకని రంగు పనంతా అతనికే అప్పజెప్పాను.

ఆదినారాయణ ధర్మవరం మనిషి, వయసు ముప్పై ఆరు. తండ్రి దగ్గర పదేళ్ళప్పుడు మగ్గంలో కూర్చున్నవాడు. వరసగా వానలు తప్పి చెనిక్కాయ, అంటే వేరుశనగ, పంటలు పోయాయి, పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి, పట్టుచీరలు కొనేవాళ్ళు తగ్గారు. షావుకారు తన మగ్గాలు సగం ఆపేశాడు. ఆగినవాటిలో ఆదినారాయణది ఒకటి. శిక్షణలో నెలనెలా ఇచ్చే స్టైపెండు కోసం అతను కదిరి వచ్చాడు. వస్తూ ఊళ్ళో మాత్రం, కదిరిలో బట్టల కొట్టులో చేరుతున్నానని చెప్పి వచ్చాడు. తోలు ముట్టుకుంటున్నానని చెప్పుకోవడానికి అతనికి మనసొప్పలేదు. ఆ మాట నాతో చెప్పినప్పుడు ఓబులేసు పక్కనే ఉన్నాడు. "చెప్పకుంటే పోనీరా అయ్యా, చెప్పులేసుకోని గదా పోతావు ఊరికి," అన్నాడు. ఆదినారాయణే ముందు నవ్వాడు.

గ్లవ్స్ వేసుకోమని ఒకసారి అతనితో అంటే, "చేతికి గంతలు కట్టినట్లుంటాది సార్. ఏలు తగలకుంటే నాకు పని తెలీదు," అన్నాడు.

ఆ సోమవారం పనిలోకి వస్తూనే అతను నా బల్ల దగ్గరికొచ్చి ఒక పోస్టుకార్డు పెట్టాడు. భార్య ఎవరిచేతో రాయించింది. షావుకారుకు పెళ్ళి చీరల ఆర్డరు వచ్చింది, మూయించిన మగ్గాల్లో రెండు తెరుస్తున్నాడు, ఒకటి నీకే ఇస్తానన్నాడు, వచ్చే శుక్రవారం కాక ఆపై శుక్రవారం మంచిరోజు, ఆ రోజు మగ్గానికి పడుగు ఎక్కిస్తారు, తప్పక రావాలి. ఇంతే. లెక్క వేస్తే ఆ సోమవారంతో కలిపి పన్నెండు రోజులు.

"సంతోషమే కదా," అన్నాను.

అతను రెండు చేతులూ కార్డు పక్కన బల్లమీద పరిచాడు. అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళ చుట్టూ నలుపు. మణికట్టు దగ్గర నలుపు పలచబడి కింది గోధుమ రంగు బయటికొస్తోంది.

"ఇది పోతాదా సార్?"

"ఎందుకు పోదు?"

"పోవల్ల సార్. మా షావుకారు పడుగిచ్చే ముందర చేతులు చూస్తాడు. తడిపిన తెల్లగుడ్డిచ్చి గట్టిగా తుడుసుకోమంటాడు. గుడ్డకేమన్నా అంటిందా, ఇంటికి పో అంటాడు. ఆమీట పట్టుపోగొకటి ఏళ్ళమీదేసి లాగి చూస్తాడు. గంధం రంగు పడుగు సార్, చెమట పడినా మరకే. ఈ చేతులు చూస్తే ఏ దినుసు పనికి పోయినానో కూడా తెలిసిపోతాది."

నాకు నోటుబుక్కులో రాసుకునే అలవాటు. అప్పుడే తీసి రాసుకున్నాను. రంగులు: రెండు. పనిచేసిన కాలం: నాలుగు నెలలు. మరక ఉన్న చోటు: మణికట్టు దాకా. పరీక్ష: తడి తెల్లగుడ్డ. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. అతను చెప్పిన పట్టుపోగు మాట అందులో లేదు. అడిగింది మరక గురించి కాబట్టి మరకకు సంబంధించింది మాత్రమే రాసుకున్నాను.

ఓబులేసు కోత బల్ల దగ్గర్నుంచి అంతా వింటున్నాడు.

"దానికెందుకప్పా ఇంత తంటా? ఈ పొద్దు నుంచి రంగు ముట్టుకోవద్దు. పండుకునేటప్పుడు ఆముదం పూసుకో, పొద్దున్నే సీకాయపొడితో కడుక్కో. దానంతట అదే పోతాది," అన్నాడు.

"దానంతట అదే ఎట్లా పోతుంది ఓబులేసన్నా?" అన్నాను. "తోలు ప్రోటీను, మన చర్మమూ ప్రోటీనే. ఒకసారి పట్టుకుంటే వదలదు. నువ్వు కుట్టిన చెప్పుకు రంగు దానంతట అదే పోతే ఊరుకుంటావా?"

"చెప్పు చచ్చిన తోలు గదా సార్. ఇది బతికిండేది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతను తమాషాకు అన్నాడనుకున్నాను.

ఆదినారాయణ కూడా నా వైపే మాట్లాడాడు. "మా ఊర్లో పట్టుకు రంగులద్దే మాబన్న చేతులు నేను పుట్టినకాడ్నుంచి ఎర్రగానే ఉండాయి. ఆయప్పకు ఇన్నేండ్లయినా పోలేదే!" అన్నాడు. నా వాదానికి అది సాక్ష్యంలా దొరికింది. మాబన్న రోజూ రంగు తొట్టిలో చేయి పెడుతూనే ఉంటాడన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

మొదటి రోజు స్పిరిట్‌తో రుద్దించాను. అది సాల్వెంట్, అంటే రంగును కరిగించేది. పైపై నలుపు కొంత గుడ్డకు వచ్చింది, మిగిలింది కదల్లేదు. రెండో రోజు బ్లీచింగ్ పౌడరు తీశాను. బావిలో వేయడానికి పంచాయతీ వాళ్ళు ఇచ్చిన సంచి మా దగ్గరుంది. అది ఆక్సిడైజింగ్ ఏజెంట్. రంగును కరిగించదు, రంగును రంగుగా ఉంచే నిర్మాణాన్నే విరగ్గొడుతుంది. నీళ్ళు పోసి ముద్ద చేసి అతని చేతులకు పట్టించాను. షెడ్డంతా ఘాటు వాసన. ఓబులేసు పైపంచె ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి పోయాడు. పది నిమిషాల్లో అరచేతిలో నలుపు బూడిద రంగయింది.

"పోతాంది సార్! పోతాంది!" ఆదినారాయణ చేతులు పైకెత్తి అందరికీ చూపించాడు.

నాకు ఆ క్షణం ఎంత గర్వమయిందో దాచను. చదివింది కళ్ళముందు పనిచేయడం చూడటం అదే మొదటిసారి.

అరచేయి త్వరగా తెలుపెక్కింది. వేళ్ళ కొసలు, గోళ్ళ అంచులు మాత్రం లొంగలేదు. మూడో రోజు నుంచి బూట్ల బ్రష్షు పెట్టి అక్కడ రుద్దాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కడగడానికి రెండు చెంబులే. నా నిబంధనను అతని కోసం సడలించలేదు, అతనూ అడగలేదు.

"మండుతోందా?"

"మండుతాంది సార్. మండనీ. మీరు కానీయండి."

ఓబులేసు నాలుగో రోజు అతని చేయి పట్టుకుని తిప్పి చూశాడు. అతనితో, "చేయా, కట్టెనా రా ఇది?" అన్నాడు.

ఆరో రోజు శనివారం ఆపాను. మరక లేదు. నోటుబుక్కులో "ఫలితం: పూర్తి" అని రాసి కింద గీత గీశాను. చేతులు సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి. వేలికొసల దగ్గర తోలు పొరలు పొరలుగా లేచింది. కణుపుల దగ్గర వెంట్రుకంత సన్నని పగుళ్ళు. "కొబ్బరినూనె పూయి, వారంలో సర్దుకుంటుంది," అని చెప్పాను. అతను పూశాడు. ఆ వారంలో పగుళ్ళు మూతపడలేదు, ఇంకా విచ్చుకున్నాయి.

శుక్రవారం అతనితో నేనూ ధర్మవరం పోయాను. తోడు అవసరమై కాదు. నా పని నెగ్గడం కళ్ళారా చూడాలని. నేను బట్టల కొట్లో స్నేహితుడినని చెప్పుకుందామని బస్సులో అనుకున్నాం.

షావుకారు యాభై ఏళ్ళ మనిషి. నడవలో చాప మీద కూర్చుని ఉన్నాడు. అతని వెనక గంధం రంగు పడుగు చుట్టలుగా తెల్లటి గుడ్డలో కట్టిపెట్టి ఉంది.

"రాప్పా ఆదినారాయణా. కదిరి నీళ్ళు పడినట్లుండాయే, తెల్లగయినావు," అన్నాడు. "ఏదీ, చేతులు."

తడిగుడ్డ ఇచ్చాడు. ఆదినారాయణ రెండు చేతులూ గట్టిగా తుడుచుకున్నాడు. గుడ్డ తెల్లగా వచ్చింది. అతను నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

షావుకారు ఒక పట్టుపోగు తీసి అతని వేళ్ళ మీదుగా వేసి మెల్లగా లాగాడు. పోగు జారలేదు. చూపుడువేలి కొస దగ్గర పట్టుకుంది. విడదీసి మళ్ళీ లాగాడు. ఈసారి మధ్యవేలి దగ్గర పట్టుకుని, సన్నటి నూగు లేచి, తెగింది. మూడోసారి ఎడమచేతి మీద వేశాడు. అదీ తెగింది.

షావుకారు పోగు పక్కన పెట్టి అతని చేయి తన చేతిలోకి తీసుకున్నాడు.

"ఏం చేసుకున్నావప్పా చేతులను?"

నేను నోరు తెరవాల్సింది అప్పుడు. చేసింది నేను, చెప్పాల్సిందీ నేను. తోలు పని సంగతి బయటపడుతుందేమోనని ఆగాను. ఆ కారణం సగమే నిజం. మిగతా సగం, ఆ మనిషి ముందు నేను తప్పు చేసినవాడిగా నిలబడదలచుకోలేదు.

"ఇంటికి సున్నం కొట్టినా షావుకారూ. చూసుకోలేదు," అన్నాడు ఆదినారాయణ.

"పడుగెక్కే నెలలో మా ఇండ్లల్లో మగోన్ని బాయి చేద కూడా పట్టుకోనియ్యరు. నీకు నేను చెప్పల్లనా? మీ నాయన చేయి ఎట్లుండె! ఈ చేత్తో మూరెడు నేసేలోపల నూరు పోగులు తెంపుతావు."

"పదైదు దినాలు ఆగితే..."

"మంచిరోజు ఈ పొద్దు. పెండ్లోళ్ళు ఆగుతారా?"

మధ్యాహ్నానికి ఆ పడుగు ఇంకొకరి మగ్గానికి పోయింది.

బస్టాండులో సోడా తాగుతూ, "చెప్పి ఉండాల్సింది నేను," అన్నాను.

"మీదేముండాది సార్. రంగు తీయమంటే తీసినారు. అడిగింది నేనే గదా," అన్నాడు. అతని గొంతులో నిష్ఠూరం ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

తర్వాత జరిగినవి క్రమంగా: కదిరికి తిరిగి వచ్చాడు. పగుళ్ళలో చీము పట్టింది. రంగు పనికి పనికిరాడు, మైనం దారం లాగితే వేళ్ళు తెగుతాయి. రెండు వారాలు హాజరు మాత్రం వేయించుకుని మానేశాడు. చేతులు మానాక కదిరిలోనే చెనిక్కాయల మిల్లులో మూటలెత్తే పనిలో చేరాడు. మూటల పని చేసేవాడి చేయి ఇక పట్టుకు పనికిరాదని అతనికి నాకన్నా బాగా తెలుసు. ఓ ఏడాది తర్వాత మిల్లు ముందు కనిపించి, పిలవకముందే దగ్గరికొచ్చి అరచేతులు చూపించాడు. గోతాం గుడ్డలా ఉన్నాయి. "ఇప్పుడు మీ రంగు తెచ్చి పూయండి సార్, అంటితే అడగండి," అని నవ్వాడు. టీ తాగుదామంటే లారీ వచ్చిందని పోయాడు.

అంతకు ముందే, ఆ జూన్‌లో, నేనొక్కణ్ణే ధర్మవరం పోయి షావుకారుకు అంతా చెప్పాను. కేంద్రం పేరు, బ్లీచింగ్ పౌడరు, బ్రష్షు, అన్నీ.

ఆయన చివరిదాకా విన్నాడు. "తోలు పనికి పోయినాడని నాకు తెలీదనుకున్నారా సార్? కదిరి బస్సు దినాం వస్తాంది ఈ ఊరికి. కరువులో ఎవురు ఏ పనికి పోతే ఏమి? అడిగితే సిగ్గుపడతాడని అడగల్యా."

"చేతులు నల్లగా ఉంటే పడుగు ఇచ్చేవాళ్ళా?"

"నలుపుంటే నాకేమి? గుడ్డకు అంటకుంటే చాలు. పట్టుకేమన్నా కండ్లుండాయా సార్, చేయి నల్లగుండాదా తెల్లగుండాదా అని చూసేకి?"

"మగ్గం ఖాళీ అయితే మళ్ళీ పిలుస్తారా?"

"చేతులు మెత్తబడితే రమ్మనండి," అన్నాడు. అప్పటికే ఆదినారాయణ మిల్లులో చేరి పది రోజులు.

తిరుగు బస్సులో నాకు అర్థమైంది చాలా చిన్న విషయం. ఊడని రంగు గుడ్డకు అంటదు. గుడ్డకు అంటుకునే రంగు నీళ్ళకే ఊడుతుంది. రెండింటిలో ఏదైనా సరే, బ్లీచింగ్ పౌడరు అక్కర్లేదు. ఇది తెలియడానికి డిప్లొమా కూడా అవసరం లేదు. ఇంక ఓబులేసు అన్న మాట తమాషా కాదు. తోలు మీద రంగు ఉండిపోతుంది, ఎందుకంటే ఆ తోలుకు కింద కొత్త పొర పుట్టదు. బతికున్న చర్మం పైపొరను రోజూ కొంచెం కొంచెం వదిలేస్తుంది, దాంతోపాటు రంగునూ. నేను చదివిన పుస్తకాలన్నీ తోలు గురించి. చేతుల గురించి ఒక్క పుటా లేదు. చేతుల గురించి తెలిసినవాడు కోత బల్ల దగ్గర కూర్చుని చెబుతుంటే నవ్వాను.

ఇప్పుడు నా దగ్గర కొత్త బ్యాచి చేరితే మొదటి పాఠం తోలు గురించి కాదు. రంగు డబ్బా తెరిచే ముందు గోళ్ళు కత్తిరించాలి. చేతులకు, ముఖ్యంగా గోళ్ళ చుట్టూ, ఆముదమో చెనిక్కాయ నూనో పట్టించాలి. నూనె ఉన్నచోట రంగు లోపలికి దిగదు. అది ఓబులేసు చేసే పనే, ఏళ్ళ తరబడి ఆయన చేతులకు మరక లేకపోవడానికి కారణమదే, నేనెప్పుడూ అడగలేదు. రంగును వేళ్ళతో కాక కర్రకు గుడ్డ చుట్టిన డాబరుతో పూయాలి. అంటిన రంగును ఆరనివ్వకూడదు, వెంటనే కడగాలి. గ్లవ్స్‌ను పిండి చల్లి నీడలో, మట్టికుండలో పెట్టాలి. గోడ మీది మూడో నిబంధన చింపేశాను. నీళ్ళు తక్కువైతే తోలు తడపడం ఆపుతాం. ఇంత చేసినా మరక పడి ఎవరైనా వస్తే, ఏ రంగు అని అడిగే ముందు, ఈ చేయి రేపు ఏ పనికి పోవాలి అని అడుగుతాను.

ఆ జూన్ చివర్లో ఒక పరీక్ష చేసుకున్నాను. ఎడమచేతికి మణికట్టు దాకా గోధుమ రంగు పూసి, దానిమీద నిగ్రోసిన్ పూసి, పాత నిబంధన ప్రకారం సాయంత్రం దాకా ఆరనిచ్చాను. రాత్రి ఆముదం, పొద్దున సీకాయపొడి. మరేమీ లేదు. ప్రతి ఉదయం తడిపిన తెల్లగుడ్డతో తుడిచి నోటుబుక్కులో రాశాను. ఒకటో రోజు, నలుపు. రెండో రోజు, బూడిద. మూడో రోజు, గుడ్డ అంచున లేత చార. నాలుగో రోజు, ఏమీ లేదు. కంటికి కనిపించే మరక పదో రోజుకు పోయింది, గోటి మీద తప్ప. చర్మం ఎక్కడా పగల్లేదు. నాది ఒక్క రోజు పూత, అతనిది నాలుగు నెలలది, ఇంకో రెండు మూడు రోజులు పట్టేదేమో.

ఆదినారాయణకు ఉన్న గడువు పన్నెండు రోజులు. గుడ్డ తెల్లగా రావడానికి నా చేతికి పట్టింది నాలుగు.